పాతవన్నీ గుర్తున్నాయి, మరి కొత్తవి ఎందుకు ఎక్కడం లేదు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయనకి 47 ఏళ్లు, గాజువాక దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఇరవై ఏళ్లుగా తాగుతున్నారు. రోజూ ఒక క్వార్టర్, వీక్లీ ఆఫ్ రోజున రెండు. కొత్త మెషిన్ వచ్చాక ట్రైనింగ్‌కి రెండుసార్లు పంపినా ఎక్కలేదు. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి ఉండటం లేదు. కరెంటు బిల్లు కట్టేశానని పిల్లల మీద ఒట్టేసి చెప్పారు, తీరా చూస్తే కట్టలేదు. అదే మనిషి మీ పెళ్లికి ఎవరెవరు వచ్చారో, 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు ఎవరి ఇంటి రేకు ఎటు ఎగిరిందో పూస గుచ్చినట్టు చెబుతున్నారు. అందుకని ఇది నాటకమా, జబ్బా అని అడిగారు. మానేస్తే తిరిగొస్తుందా అని అడిగారు. చివర్లో, ఆదివారం నుంచి బాటిల్ గుమ్మం దాటనివ్వను, సరేనా అన్నారు.

ఆ చివరిదానికి ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆదివారం దగ్గర్లో ఉంది. అలా చెయ్యకండమ్మా. ఇంట్లో, డాక్టరు చూడకుండా, ఒక్క రోజులో ఆపించొద్దు.

నేను విశాఖలో ఇరవై మూడేళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. తాగుడు మానడానికి చేరినవాళ్ల జ్ఞాపకశక్తిని, ఆలోచనని పరీక్షించి డాక్టర్లకి రిపోర్టు ఇవ్వడం, ఆ తర్వాత ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం నా పని. మీలా కోపంతో, పట్టుదలతో ఒక్కసారి ఆపించి, రెండో రోజు ఫిట్స్‌తో మోసుకొచ్చిన కుటుంబాలని ఎన్నింటినో చూశాను. మందు ఇన్నేళ్లు మెదడు మీద బరువులా కూర్చుంటే, మెదడు ఆ బరువుని ఎదురు తోస్తూ బతకడం నేర్చుకుంటుంది. బరువుని ఒక్కసారి లాగేస్తే ఆ తోపు అలాగే మిగిలిపోతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు, గుండె దడ, నిద్ర లేకపోవడం. ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి చెదురుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడతారు, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. అది ప్రాణం మీదకి వచ్చే స్థితి. ఆసుపత్రిలో దీనికి మందులున్నాయి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ నాలుగైదు రోజుల నుంచి వారం లోపల దాటించేస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వెయ్యడం మాత్రం దానికి బదులు కాదు.

ఇంకొక మాట. మీరు అడగలేదు, కానీ మీ వీధిలో ఎవరో ఒకరు ఈపాటికే చెప్పి ఉంటారు: కూరలో కలిపే పొడి, తెలియకుండా వేసే మాత్ర. ఆ మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె సరిగా లేనివాడైతే పోవచ్చు కూడా. ఆ మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాసిస్తే అది మంచి మందే. దొంగతనంగా పెడితే విషం పెట్టినట్టే. దయచేసి ఆ దారికి వెళ్లకండి.

ఇప్పుడు నాటకమా, జబ్బా అన్నది.

ముందు లెక్క చూద్దాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో 42.8 శాతం ఆల్కహాల్. అంటే ఒక్క క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. మగవాళ్లకి రోజుకి 60 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎక్కువ ప్రమాదం ఉన్న కోవలో వేస్తుంది. ‘మా ఆయన ఒక్క క్వార్టరే, తూలడు, గొడవ చెయ్యడు, డ్యూటీ ఎగ్గొట్టడు’ అని మీరు రాశారు. తూలకపోవడం అలవాటుపడిన ఒంటి లక్షణమే. దాన్ని చూసి లోపల ఏమీ కాలేదనుకోకూడదు.

మీకు వింతగా తోచిన సంగతే, అంటే పాతవి ఉండి కొత్తవి పోవడమే, ఈ జబ్బుకి అసలు గుర్తు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, ఒక ఓడ రేవుకి వచ్చింది. సరుకు దించి, చీటీ కట్టి, గోడౌన్‌లో ఫలానా వరసలో పెట్టేవాళ్లు ఉండాలి. మెదడులో ఆ పని చేసే భాగాన్ని హిప్పోక్యాంపస్ అంటారు. చెవుల లోపలి వైపున, రెండు పక్కలా ఉంటుంది. అది ఒక్కటే కాదు, మెదడు మధ్యలో ఉండే థాలమస్, మామిల్లరీ బాడీస్ అనే భాగాలు, వాటిని కలిపే తీగలు అన్నీ కలిసి ఆ పని చేస్తాయి. ఏళ్ల తరబడి మందు పడితే దెబ్బతినేది ఈ దింపుడు పని. పెళ్లీ, హుద్‌హుద్ ఎప్పుడో గోడౌన్‌కి చేరిపోయిన సరుకు. వాటిని తలుచుకోవడానికి పెద్ద కష్టం లేదు. నిన్న మీరు చెప్పిన మాట మాత్రం రేవులోనే ఉండిపోయింది.

అందుకే ఇంటివాళ్లు మోసపోతారు. పాత సంగతులు చెప్పించుకుని ‘బుర్ర బాగానే ఉంది, కావాలనే చేస్తున్నాడు’ అనుకుంటారు. జ్ఞాపకశక్తిని పాత కథలతో కొలవకూడదు. ఇవాళ కొత్తగా ఒకటి ఇచ్చి, అరగంట తర్వాత అడిగి కొలవాలి.

నేను పరీక్ష చేసేటప్పుడు కొన్ని మాటలు చదువుతాను. గొడుగు, బెల్లం, తాళం, మేక, ఇలా సంబంధం లేనివి పది. చదివి, తిరిగి చెప్పమంటాను. మళ్లీ అవే చదువుతాను, మళ్లీ చెప్పమంటాను. ఇలా ఐదుసార్లు. మామూలు మనిషి మొదటిసారి ఐదో ఆరో చెబుతాడు, ఐదోసారికి తొమ్మిదో పదో చెబుతాడు. ఆ ఎక్కుడే నేర్చుకోవడం. చాలా ఏళ్లు తాగినవాళ్లలో మొదటిసారి నాలుగో ఐదో వస్తాయి, ఐదోసారికీ ఆ నాలుగో ఐదో ఉంటాయి. అరగంట టీ తాగించి, వేరే కబుర్లు చెప్పి అడిగితే ఒకటి వస్తుంది. ఒక్కోసారి ‘ఏ మాటలమ్మా?’ అని అడుగుతారు.

ఒకాయన గురించి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చాడు, యాభై దాటిన మనిషి. సముద్రంలో ఏ చోట కింద రాళ్లుంటాయో ఒడ్డున ఉన్న కొండల్ని బట్టి చెప్పేవాడు. ‘ఈ కొండ ఆ కొండెనకాల దాక్కుంటే కింద రాయుంటదమ్మా, అక్కడ వలెయ్యకూడదు’ అని గాల్లో వేలితో గీసి చూపించేవాడు. నలభై ఏళ్ల కిందట వాళ్ల నాన్న నేర్పిన పటం, చెక్కు చెదరలేదు. అదే మనిషికి వార్డులో తొమ్మిదో రోజున కూడా బాత్రూమ్ ఎటుందో తెలియదు. ఆరోజు సాయంత్రం వాళ్లావిడ క్యారియర్ పట్టుకుని వచ్చింది. ‘ఇప్పుడే బోటు దిగి ఒచ్చినాను. వంజరాలు పడ్డాయి, నీకోటి ఉంచినాను’ అన్నాడు ఆవిడతో. ముఖంలో ఎక్కడా తడబాటు లేదు, సంతోషంగా చెబుతున్నాడు. అది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఆవిడ క్యారియర్ మూత తియ్యకుండా అలాగే కూర్చుండిపోయింది. ‘అబద్దాలాడ్డం ఎప్పుడు నేర్సినాడమ్మా ఈయన?’ అని నన్ను అడిగింది.

అది అబద్ధం కాదు. మనకి నిన్న జరిగింది గుర్తులేకపోతే, అక్కడ ఖాళీ ఉందని తెలుస్తుంది. ఈ జబ్బులో ఆ ఖాళీ ఉందని కూడా తెలియదు. ఎదుటివాళ్లు అడగగానే మెదడు ఏ పాత రోజునో తెచ్చి ఆ ఖాళీలో అతికిస్తుంది, అదే నిజమని ఆ మనిషి నమ్ముతాడు. మీ ఆయన కరెంటు బిల్లు విషయం ఇదేనని నేను ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పలేను. కానీ ఏళ్ల తరబడి నెలనెలా కట్టిన మనిషికి, పోయిన నెల కట్టిందో అంతకుముందుదో ఈ నెలదిగా అనిపించడం నేను చాలా చూశాను. పిల్లల మీద ఒట్టు వెయ్యడం ఆయన ఎంత నమ్మారో చెబుతోంది.

మా చిన మావయ్య కూడా అంతే. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా నా ఫీజు కట్టేశానని చెప్పాడు. కట్టలేదు. నన్ను క్లాసు బయట నిలబెట్టారు. ఇంట్లో అందరూ ఆయన్ని అబద్ధాలకోరు అన్నారు, నేనూ అన్నాను. ఆయన పోయే దాకా అదే పేరు. ఆయనకి ఏమైందో నాకు తెలిసింది ఎం.ఫిల్ చదివేటప్పుడు, ఆయన పోయిన పదకొండేళ్లకి. మీరు ‘నాటకమా?’ అని అడిగినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ జబ్బుకి కారణం మందు ఒక్కటే కాదు, విటమిన్ బీ1 లేకపోవడం కూడా. దాన్నే థయమిన్ అంటారు. ఇది తెలిస్తే ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మెదడు చక్కెరని ఇంధనంగా మార్చుకోవాలంటే బీ1 కావాలి. ఒంట్లో దాని నిల్వ మహా ఉంటే 30 మిల్లీగ్రాములు, తిండిలో రాకపోతే రెండు మూడు వారాల్లో ఖాళీ. మందు దాన్ని మూడు చోట్ల దెబ్బతీస్తుంది. పేగులోంచి ఒంటికి పట్టనివ్వదు, కాలేయంలో నిల్వ ఉండనివ్వదు, ఉన్నదాన్ని పనికొచ్చే రూపంలోకి మారనివ్వదు. దానికి తోడు రాత్రి భోజనం బదులు మిక్చర్ పొట్లం, ఉల్లిపాయ ముక్కలు.

మన తీరానికి ఈ లోటు కొత్త కాదు. వెనకటికి ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన విశాఖ వైపు నుంచి కృష్ణా దాకా, బెరిబెరి ఉండేది. అదీ బీ1 లోటే. మరపట్టి తెల్లగా చేసిన పచ్చి బియ్యం అన్నమే తిండిగా బతకడం దానికి కారణమని, ఉప్పుడు బియ్యం తినేచోట్ల అది కనపడదని కూనూరు పరిశోధనశాలవాళ్లు తేల్చారు. అదే తర్వాత హైదరాబాద్‌కి మారి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తవుడుతో పాటు బీ1 పోతుంది. ఇవాళ మనం పప్పు, గుడ్డు, వేరుశెనగ తింటున్నాం కాబట్టి మామూలువాళ్లకి ఇబ్బంది లేదు. తిండి మానేసి తాగేవాడికి మాత్రం తెల్లన్నం రెండు ముద్దలు దేనికీ చాలవు.

బీ1 బాగా పడిపోయినప్పుడు ఒక్కసారిగా వచ్చే స్థితిని జర్మన్ డాక్టరు వెర్నికె 1881లో వర్ణించాడు. కళ్లు అదరడం లేదా రెండుగా కనపడటం, కాళ్లు దూరంగా వేసి తూలుతూ నడవడం, అయోమయం. ఈ మూడూ ఒకేసారి కనపడేది కొద్దిమందికే. అందుకే చాలామందిలో దొరక్కుండా పోతుంది, ‘మందెక్కువై పడున్నాడు’ అని వదిలేస్తారు. దాని తర్వాత మిగిలిపోయే మతిమరుపుని రష్యన్ డాక్టరు కోర్సకాఫ్ 1887 నుంచి వరుసగా రాశాడు. మా హార్బర్ ఆయనది అదే. మీ ఆయనలో ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనపడినా, తాగకుండా ఉన్న రోజున కూడా తూలుతున్నా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు బీ1 నరంలోకి, పెద్ద మోతాదుల్లో ఇవ్వాలి. మాత్రలతో, ఆకుకూరలతో అయ్యే పని కాదు.

ఇక్కడ ఒకటి మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నీరసంగా ఉన్నాడని చిన్న క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తుంటారు. బీ1 లేని ఒంటికి గ్లూకోజ్ మాత్రమే పోస్తే, ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి ఆ స్థితి మరింత ముదురుతుంది. హార్బర్ ఆయనకి జరిగింది అదేనని నేను నమ్ముతున్నాను. మూడు రోజులు ఒకచోట వరసగా సీసాలు ఎక్కించాక, నాలుగో రోజున ఆయన కళ్లు నిలవడం లేదని ఇంటివాళ్లు మా దగ్గరికి తెచ్చారు. మీ ఆయనకి ఎక్కడ సెలైన్ పెట్టబోయినా, ‘ఈయన రోజూ తాగుతారండీ, ముందు బీ1 ఇంజక్షన్ ఇస్తారా?’ అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మంచి డాక్టరు దానికి కోప్పడరు.

మెషిన్ ట్రైనింగ్ సంగతికి వస్తాను. అది రేవు పని ఒక్కటే కాదు. నుదుటి వెనక ఉండే భాగం ఒకేసారి నాలుగు సంగతుల్ని పట్టుకుని వరస కడుతుంది. ‘ఈ బటన్ నొక్కాక ఆ రీడింగ్ చూడాలి, అది దాటితే ఇది ఆపాలి’ అన్నది అక్కడ జరిగే పని. చాలా ఏళ్ల తాగుడులో ముందుగా మొద్దుబారేది ఆ భాగమే. తొందరగా విసుగు రావడం, తప్పు చేసినా మళ్లీ అదే పద్ధతిలో చెయ్యడం, డబ్బు విషయంలో తెలివిలేని నిర్ణయాలు, ఇవీ దాని కోవలోవే. పాత మెషిన్ మీద ఆయన చేతులు ఇప్పటికీ బాగా పోతున్నాయని రాశారు చూడండి, చేతికి వచ్చిన విద్య మెదడులో వేరే దారిలో ఉంటుంది, అది చాలా వరకు నిలుస్తుంది. కాబట్టి తోటివాళ్లకి ఆయన మామూలుగానే కనపడతారు. బండి నడపడం, బరువులెత్తే యంత్రాల మీద పని మాత్రం పరీక్ష అయ్యేదాకా ఆపించే మార్గం చూడండి. అనుకోనిది ఎదురైనప్పుడు ఆలోచన ఆలస్యం అవుతుంది, అక్కడే ప్రమాదం.

తాగిన రాత్రి ఏం జరిగిందో తెల్లారి గుర్తులేకపోవడం వేరే సంగతి. ఒక్కసారిగా ఎక్కువ తాగినప్పుడు హిప్పోక్యాంపస్ ఆ కొన్ని గంటలు రాసుకోవడం మానేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, ఇంటికొస్తాడు, కానీ ఏదీ నమోదు కాదు. తర్వాత ఎంత గుచ్చి అడిగినా రాదు, రాసిందే లేదు కాబట్టి. ఇది కుర్రాళ్లకీ అవుతుంది. ఇంటర్ చదివే మీ అబ్బాయి స్నేహితులతో బీర్లు మొదలుపెట్టాడేమోనని ఒక వాక్యంలో రాసి వదిలేశారు, దాన్ని వదిలెయ్యకండి. మన రాష్ట్రంలో 21 ఏళ్ల లోపువాళ్లకి అమ్మకూడదన్నది చట్టం. దానికి శాస్త్రపరంగా కూడా అర్థం ఉంది, ఆ నుదుటి వెనక భాగం పాతికేళ్ల దాకా కట్టుబడి పూర్తవుతూనే ఉంటుంది.

వయసుతో వచ్చే మతిమరుపేమో అనుకోవడానికి 47 తక్కువ. ఫ్రాన్స్‌లో 2008 నుంచి 2013 దాకా ఆసుపత్రి రికార్డులు చూసి 2018లో వేసిన పెద్ద అధ్యయనం ఉంది. అందులో 65 ఏళ్ల లోపే మతిమరుపు జబ్బు (డిమెన్షియా) వచ్చినవాళ్లు 57 వేల మందికి పైగా ఉన్నారు, వాళ్లలో సగానికి పైగా, అంటే 57 శాతం, ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాళ్లు. అలాగని అన్నీ మందు ఖాతాలో వేసెయ్యకూడదు కూడా. బీ12 లోటు, థైరాయిడ్, షుగరు, కుంగుబాటు కూడా ఇలాగే కనపడతాయి. తాగి ఎప్పుడో పడితే తలలో రక్తం నెమ్మదిగా గడ్డకట్టి నెలల తర్వాత మతిమరుపుగా బయటపడుతుంది, స్కాన్‌లో దొరుకుతుంది, ఆపరేషన్‌తో పోతుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చాచిన చేతులు రెక్కల్లా ఆడటం ఉంటే కాలేయం వైపు చూడాలి. ఈ పరీక్షలన్నీ చెయ్యమని మీరే అడగండి. ఇవన్నీ సరిచెయ్యగలిగిన కారణాలు.

తిరిగొస్తుందా? చాలా వరకు వస్తుంది, మందు పూర్తిగా ఆగితే. ‘తగ్గించారు’ అంటే చాలదు. మొదటి రెండు మూడు వారాల్లో ఎవర్నీ తూచకూడదు. ఆ రోజుల్లో ఉండే అయోమయంలో మందు దిగుతున్న ప్రభావం, నిద్రలేమి, వేసిన మాత్రల మత్తు అన్నీ కలిసి ఉంటాయి. మేము కూడా అందుకే నిదానించి పరీక్షిస్తాం. ఆ తర్వాత వారాల్లో, నెలల్లో దారి కనపడుతుంది. మానేసినవాళ్ల మెదడు కొంత మళ్లీ పుంజుకోవడం స్కాన్‌లలో కొలిచారు కూడా. వినడం, లెక్క చూసుకోవడం ముందు బాగుపడతాయి, కొత్తది నేర్చుకోవడం ఆలస్యంగా వస్తుంది. ఏడాదికీ, ఆ తర్వాతా కూడా మెరుగు కనపడుతుంది. కంచరపాలెం వైపు నుంచి వచ్చిన నలభై ఒక్కేళ్ల ఎలక్ట్రీషియన్‌కి నాలుగో వారంలో పదింట్లో ఐదు మాటలు ఎక్కి, అరగంటకి రెండు మిగిలాయి. తొమ్మిదో నెలలో తొమ్మిది ఎక్కి ఏడు మిగిలాయి. ‘బెల్లం మర్చిపోయాను, అది కూడా చెప్పేవాణ్ని’ అని బాధపడ్డాడు. మొదటిసారి అతనికి మర్చిపోయానన్న సంగతే తెలియలేదు, కాబట్టి ఆ బాధ నాకు ఎంత మంచి కబురో చెప్పలేను.

కోర్సకాఫ్ దాకా వెళ్లినవాళ్ల లెక్క వేరు. సుమారుగా నలుగురిలో ఒకరు బాగా కోలుకుంటారు, ఇద్దరు కొంత కోలుకుంటారు, ఒకరు అలాగే ఉండిపోతారు. మీరు రాసినదాన్ని బట్టి మీ ఆయన అక్కడికి చేరినట్టు లేరు. డ్యూటీకి వెళ్లి వస్తున్నారు, కొన్ని కొత్త సంగతులు అక్కడక్కడా గుర్తుంటున్నాయి. చేరకముందే తీసుకెళ్లే సమయం ఇది. వెనక్కి వచ్చాక మళ్లీ తాగి, మళ్లీ మాని, మళ్లీ తాగడం మాత్రం మెదడుకి ఏకబిగిన తాగడం కన్నా మేలేం కాదు. ఒక్కోసారి ఆపినప్పుడు వచ్చే ఆ కుదుపు కిందటిసారి కన్నా గట్టిగా వస్తుంది.

ఇంట్లో చెయ్యాల్సింది కొంత ఉంది. ‘నిన్న నేనేం చెప్పాను? చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెట్టకండి. మనం దాన్ని సాయం అనుకుంటాం, కానీ తడుముకుని తప్పు చెబితే ఆ తప్పే మెదడులో నాటుకుంటుంది, ఎందుకంటే సరిచేసింది మర్చిపోతారు, తను అన్నది ఉండిపోతుంది. కాబట్టి తప్పు చేసే అవకాశం ఇవ్వకుండా నేర్పాలి. సరైన జవాబు ముందే చెప్పి, ఆయన చేత అనిపించి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ, పదిహేను నిమిషాలకి మళ్లీ, రాత్రికి మళ్లీ. మెషిన్ పని నేర్చుకోవాల్సి వస్తే పది మెట్లు ఒకేసారి కాదు, రెండు మెట్లు వారం రోజులు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా అంటించుకుని. డైరీ ఒకటే ఉండాలి, ఒకే చోట ఉండాలి. బిల్లు కడితే రసీదు అందులోనే. రాత్రి నిద్ర చెడకుండా చూడండి, నేర్చుకున్నది మెదడు సర్దుకునేది నిద్రలోనే. వీలైతే కొన్నాళ్లు నైట్ షిఫ్టు మార్పించమని డాక్టరు చేత రాయించుకోండి.

జరగనిది జరిగిందని చెప్పినప్పుడు వాదించకండి, అవునని తలూపనూ వద్దు. ‘అలాగా, ఒకసారి డైరీ చూద్దాం రండి’ అంటే చాలు. పిల్లలకి కూడా కూర్చోబెట్టి చెప్పండి: నాన్న అబద్ధాలాడటం లేదు, నాన్నకి గుర్తుండటం లేదు, దానికి వైద్యం చేయిస్తున్నాం.

హార్బర్ ఆయన సంగతి అడుగుతారేమో. బాగా కోలుకోలేదు. ఇప్పుడు వాళ్ల అక్క దగ్గర ఉంటాడు. పాత వలలు ముందు పెడితే చిరుగు ఎక్కడుందో చేత్తో తడిమి కుట్టేస్తాడు, ఆ వేళ్ల వేగం చూడాలి. వీధి చివర టీ కొట్టుకి దారి కొత్తది. మేనల్లుడి కొడుకు రోజూ ఒకే వేళకి, ఒకే పక్కన చెయ్యి పట్టుకుని నెల రోజులు నడిపించాడు. ఇప్పుడు ఒక్కడే వెళ్లి వస్తాడు. ‘దారి ఎలా తెలిసింది?’ అని అడిగితే ‘ఏమో, నానెప్పుడూ ఎల్లలేదే’ అంటాడు. కాళ్లు నేర్చుకున్నాయి. అంత దెబ్బతిన్న మెదడులో కూడా ఆ దారి తెరిచే ఉంది.

వెళ్లాల్సిన చోటు: కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) సైకియాట్రీ ఓపీ, లేదా వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. ‘పిచ్చాసుపత్రికా?’ అని ఆయన అంటారు, చాలామంది అంటారు. ‘నిద్ర పట్టడం లేదు కదా, చేతులు వణుకుతున్నాయి కదా, చూపిద్దాం’ అని తీసుకెళ్లండి, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. మత్తు మానడానికే ఉన్న ఇంకో నంబరు 14446.

వెళ్లే ముందు రాత్రి ఆయన్ని తాగనివ్వకుండా గొడవ పెట్టుకోకండి, పొద్దున్నే టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. డాక్టరు ఎంత తాగుతారని అడిగితే ఆయన ‘రెండు పెగ్గులండీ’ అంటారు. మీరు ముందే ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి: రోజుకి ఎంత, ఎన్నేళ్లుగా, ఎప్పుడైనా పడి తలకి దెబ్బ తగిలిందా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఆఖరిసారి తాగింది ఎన్ని గంటలకి. ఆ ఆఖరి టైము మర్చిపోకండి, డాక్టరు మొదటి మోతాదు వేసేది దాన్ని బట్టే.